సి షిఫ్టు బిడ్డకు: రోజూ ప్రార్థన, వాక్యం నిలవాలంటే

వందనాలు తల్లీ. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నీకు 24 ఏళ్ళు. సొంతూరు పలమనేరు పక్క పల్లె, రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో మూడు షిఫ్టుల పని, అందులో సి అంటే రాత్రి షిఫ్టు, తిరుపతిలో హాస్టల్. వేసవిలో ఊర్లో మూడు రోజుల ఉజ్జీవ సభలు జరిగితే కన్నీళ్ళతో ప్రార్థన చేశావు. ఇక నా బతుకు మారిపోయిందనుకున్నావు. మూడు వారాలకే చల్లారిపోయావు. ప్రతి జనవరి ఒకటిన బైబిలు మొదటి పుస్తకం ఆదికాండం మొదలుపెట్టి, మూడోదైన లేవీయకాండం దగ్గర ఆగిపోతున్నావు. మోకరిస్తే నిద్ర ముంచుకొస్తోంది. తెల్లవారుజామున 4 గంటలకు లేచి ప్రార్థించనివాళ్ళకు ఆత్మీయ జీవితమే లేదని ఒక బోధకుడన్న మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. దానికి తోడు, శనివారం శనివారం ఒక్కపొద్దు తప్పకుండా ఉండే రూమ్మేటు "మీకు ఇట్లాంటి నియమాలేమీ లేవా?" అని అడిగితే నీకు నోట మాట రాలేదు. చివర్లో అసలు సంగతి అడిగావు: నా విశ్వాసం నిజమైనదేనా, ఆ మూడు రోజుల ఆవేశమేనా?

నేను చిత్తూరులో ఉంటాను. 34 ఏళ్ళు నర్సు పని చేసి రిటైరయ్యాను. అందులో ఎన్ని రాత్రులు వార్డులో గడిచాయో లెక్కే లేదు. అందుకని షిఫ్టు మనిషి కష్టం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

చివర అడిగినదానికే ముందు చెబుతాను. మార్కు సువార్త 9వ అధ్యాయంలో ఒక తండ్రి ఉంటాడు. మూర్ఛతో కొట్టుకుంటున్న కొడుకును యేసు దగ్గరికి తెచ్చుకున్నాడు. "నమ్ముతున్నాను" అన్నాడు, ఆ ఊపిరిలోనే "నా అపనమ్మకం పోయేలా సాయం చెయ్యి" అన్నాడు. రెండూ ఒకే నోటి నుంచి వచ్చాయి. ముందు నీ విశ్వాసం సరిచేసుకుని రా, అప్పుడు చూద్దాం అని ప్రభువు అతణ్ణి వెనక్కి పంపలేదు. ఆ బిడ్డను బాగుచేశాడు. నా విశ్వాసం నిజమా కాదా అని నువ్వు కుమిలిపోతున్నావు చూడు, ఆ కుమిలిపోవడం విశ్వాసం లేనివాళ్ళకు రాదు. నీకు విశ్వాసం ఉంది. దాన్ని రోజూ పెట్టుకోవడానికి ఒక చోటు లేదు, అంతే.

ఇక ఆ 4 గంటల మాట.

నాకు 27 ఏళ్ళప్పుడు నేనూ అదే మాట విన్నాను. సర్జికల్ వార్డులో రాత్రి 8 నుంచి పొద్దున 8 వరకు డ్యూటీ చేస్తున్న రోజులవి. ఒక కూటంలో బోధకుడు వేకువనే లేవని సహోదరీలను నిలబడమన్నాడు. నిలబడ్డాను. వేకువజామున నేను మంచం మీద పడుకుని ఉండటం లేదు, రోగికి సెలైన్ మారుస్తున్నాను అని చెప్పే ధైర్యం లేకపోయింది. సిగ్గుతో తలొంచుకుని నిలబడ్డాను. ఆ తర్వాత ఏం జరిగిందంటే, నాలుగింటికి ఎట్లాగూ చేయలేను కదా అని మొత్తానికే మానేశాను. రెండేళ్ళు. ఆదివారం గుడికి వెళ్ళేదాన్ని, పాటలు పాడేదాన్ని, ఇంట్లో బైబిలు మాత్రం తెరవలేదు. ఒక మనిషిని సిగ్గుపరిచి ప్రార్థన చేయించడం అయ్యే పని కాదని నాకు అప్పుడే తెలిసింది.

వేకువనే లేవడం తప్పని నేను అనడం లేదు. యేసు కూడా ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్యప్రదేశానికి వెళ్ళి ప్రార్థించాడని మార్కు 1వ అధ్యాయంలో ఉంది. ఇంట్లో ఉండేవాళ్ళకు, పొద్దున పనికి వెళ్ళేవాళ్ళకు అంతకంటే మంచి సమయం లేదు కూడా. కానీ అదే సువార్తలో 4వ అధ్యాయం చూడు. తుఫానులో పడవ మునిగిపోతుంటే ఆయన తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. 6వ అధ్యాయంలో, వచ్చేపోయే జనంతో తినడానికి కూడా తీరిక లేని శిష్యులను పిలిచి, ఏకాంతంగా వెళ్ళి కొంచెంసేపు విశ్రాంతి తీసుకోండి అన్నాడు. వేకువ ప్రార్థనను చూపించి విశ్రాంతిని దాచేస్తే బోధ సగమే అవుతుంది.

మా అమ్మ సంగతి చెబుతాను. ఆమెకు అక్షరం ముక్క రాదు. మాకు రెండు ఆవులుండేవి. పొద్దున, సాయంత్రం పాలు పిండి సొసైటీలో పోయాలి. పాలావును ఒక పూట వదిలేస్తే పొదుగు గట్టిపడి నొప్పితో అల్లాడుతుంది, పూటలు తప్పుతూ పోతే పాలే తగ్గిపోతాయి. కాబట్టి జ్వరమున్నా, ఇంట్లో చావున్నా ఆ రెండు పూటలు తప్పేవి కాదు. అమ్మ ప్రార్థనను ఆ పాల చెంబుకే కట్టేసింది. నాతో చదివించుకుని 23వ కీర్తన, 121వ కీర్తన నోటికి పట్టింది. ఒకదాంట్లో 6 వచనాలు, ఇంకోదాంట్లో 8. మొత్తం 14 వచనాలు. మొదటి ఆవుకు 23, రెండో ఆవుకు 121. మా పల్లె చుట్టూ కొండలే. కొండల వైపు కన్నులెత్తుతున్నాను, నాకు సహాయం ఎక్కడి నుంచి వస్తుంది అని పొదుగు కింద కూర్చుని ఆమె అంటుంటే చెంబులో పాలు జుయ్ జుయ్‌మని పడేవి. ప్రార్థనకంటూ ఆమె వేరే టైము వెతుక్కోలేదు. ఎట్లాగూ తప్పని పనికి దాన్ని ముడివేసుకుంది. నలభై ఏళ్ళకు పైగా నడిచింది ఆ ముడి.

రెండేళ్ళు వదిలేసినదాన్ని నేను మళ్ళీ మొదలుపెట్టింది అమ్మను చూసే. నాకు ఆవులు లేవు, వార్డు ఉంది. నర్సు డ్యూటీలో ఎట్లాగూ తప్పని పని ఏమిటంటే అప్పజెప్పడం. షిఫ్టు మారేటప్పుడు, వచ్చిన సిస్టర్‌ను వెంటబెట్టుకుని ఒక్కో మంచం దగ్గరికి వెళ్ళి చెప్పాలి: ఒకటో బెడ్, నిన్న ఆపరేషన్, జ్వరం 101, రెండు గంటలకు ఇంజెక్షన్ ఇచ్చాను. మూడో బెడ్, రాత్రంతా నిద్రపోలేదు, కొడుకు చూడటానికి రాలేదని ఏడ్చింది. అట్లా చివరి మంచం వరకు. అది చెప్పకుండా ఏ నర్సూ గడప దాటదు. ఒక రోజు అప్పజెప్పడం అయిపోయి, బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చున్నాను. లేచే ఓపిక లేదు. కళ్ళు మూసుకుంటే మళ్ళీ మంచాలే కనబడుతున్నాయి. అప్పుడు అనుకోకుండానే ప్రభువుకు అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఒకటో బెడ్ ప్రభువా, జ్వరం తగ్గలేదు. మూడో బెడ్, ఆ కొడుకు మనసు మార్చు. చివరికి వచ్చేసరికి, ఇక నేను ప్రభువా, కాళ్ళు వాచిపోయాయి, ఇంటి అద్దె కట్టాలి, నీ మీద కోపంగా కూడా ఉంది అన్నాను. ఏడు నిమిషాలు పట్టిందేమో. రెండేళ్ళ తర్వాత నేను చేసిన మొదటి నిజమైన ప్రార్థన అది.

తర్వాత చాలా రోజులకు లూకా 23 చదువుతుంటే, సిలువ మీద యేసు ఆఖరి మాట కంటబడింది. తండ్రీ, నా ఆత్మను నీ చేతికి అప్పగిస్తున్నాను. అది 31వ కీర్తనలోని మాట. ఆయన ప్రాణం విడిచేటప్పుడు కూడా నోటికి వచ్చిన కీర్తననే పలికాడు. అప్పగించడం అనే ఆ మాట మన తెలుగు బైబిలులో చూసి నేను ఎంతసేపు ఏడ్చానో. మా వార్డు మాటే అది.

నీకు కూడా ఫ్యాక్టరీలో లైను అప్పజెప్పడం ఉంటుంది కదా. ఎ షిఫ్టు అయినా బి అయినా సి అయినా అది ఉంటుంది. గడియారం మీద ఏ గంట అని పెట్టుకుంటే నీకు వారం వారం తప్పుతుంది. ఆ అప్పజెప్పడానికి కట్టుకో. షిఫ్టు అయ్యాక కంపెనీ బస్సులో కూర్చున్న మొదటి పది నిమిషాలు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోకముందే. పక్కన పనిచేసినవాళ్ళు, సూపర్‌వైజరు, ఇంట్లో అమ్మానాన్న, చివర నువ్వు. కళ్ళు తెరిచే చెయ్యి, ఎవరికీ తెలియనక్కర్లేదు. మనసు పక్కకు పోతే కంగారుపడకు. ఎటు పోయిందో చూసుకుని దాన్నే ప్రార్థనలోకి తెచ్చుకో. చిట్టీ డబ్బుల మీదికి పోయిందా, అయితే ప్రభువా, ఈ చిట్టీ డబ్బులు అని మొదలుపెట్టు. మనసు ఊరికే పోదు, బరువున్న చోటికే పోతుంది.

మోకాళ్ళ మీద నిద్రపోతున్నానన్నావు. గెత్సేమనే తోటలో పేతురు, యాకోబు, యోహాను ముగ్గురూ నిద్రపోయారు. అదీ మూడుసార్లు. ఆత్మ సిద్ధమే గాని శరీరం బలహీనమని వాళ్ళ గురించి ప్రభువే అన్నాడు. సి షిఫ్టు చేసి వచ్చినదానివి, ముందు పడుకో. నర్సుగా చెబుతున్నాను, నిద్ర లేని మనిషికి దిగులు, దుఃఖం, అనవసరమైన భయం అన్నీ రెండింతలుగా కనిపిస్తాయి. అది ఆత్మీయ పతనమని చాలామంది పొరబడతారు. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని చెట్టు కింద పడుకుంటే దూత వచ్చి ఏం చేశాడు? ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్ళు పెట్టి తిను అన్నాడు. తిని మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ లేపి తినిపించాడు. నిద్ర లేచాక నిలబడి, లేదంటే మిద్దె మీద నడుస్తూ గొంతు విప్పి ప్రార్థించు. నడిచే మనిషి నిద్రపోదు.

వాక్యం సంగతికి వద్దాం. బైబిలులో 1189 అధ్యాయాలు. ఏడాదిలో పూర్తిచేయాలంటే రోజుకు మూడు, నాలుగు అధ్యాయాలు చదవాలి. రెండు రోజులు తప్పితే ఆరేడు అధ్యాయాల బాకీ. వారం తప్పితే ఇరవై పైనే. ఆ బాకీ పెరిగేకొద్దీ పుస్తకం మొహం చూడబుద్ధి కాదు. నిన్ను ఆపింది లేవీయకాండం కాదమ్మా, ఆ బాకీయే. అరణ్యంలో మన్నా, అంటే దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం, ఏరుకున్నవాళ్ళకు ఆయన పెట్టిన నియమం చూడు: ఏ రోజుకారోజే. విశ్రాంతి దినానికి ముందు రోజు తప్ప, రేపటికి దాచుకుంటే పురుగు పట్టింది. నిన్న ఏరుకోలేదని ఈ రోజు రెండింతలు ఏరమని కూడా ఆయన అనలేదు. నిన్న తప్పిందా, నిన్నటిది పోయింది. ఈ రోజుది చదువు.

మార్కు సువార్తతో మొదలుపెట్టు. 16 అధ్యాయాలే. రోజుకొకటి చాలు. అందులోనే మొదలుపెట్టమని ఎందుకంటున్నానంటే, యేసు ఎప్పుడూ ఎవరో ఒకరు పిలుస్తుంటే పరుగు మీద ఉన్నట్టు కనిపిస్తాడు అందులో. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకు ఆ పుస్తకం దగ్గరగా ఉంటుంది. 4వ అధ్యాయంలో ఒక చిన్న ఉపమానం ఉంది, మిగతా సువార్తల్లో అది లేదు. ఒక రైతు విత్తనం చల్లి, రాత్రి నిద్రపోతూ పగలు లేస్తూ ఉంటే, ఎట్లా మొలిచిందో అతనికే తెలియకుండా మొక్క పెరుగుతుంది. ముందు మొలక, తర్వాత వెన్ను, తర్వాత నిండు గింజ. వేరుశనగ రైతు కూతురువి, నీకు నేను చెప్పాలా. విత్తి రోజూ తవ్వి చూసుకుంటే గింజ చస్తుంది.

పైకి వినబడేలా చదువు. చదివాక నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయి, ఒక్కటే. అర్థం కాకపోతే "ఇది అర్థం కాలేదు" అని రాయి, అది కూడా వాక్యమే. మన పాత తర్జుమా భాష గ్రాంథికం కదా, బరువనిపిస్తే వాడుక భాషలో వచ్చినవి పక్కన పెట్టుకో. కానీ పాతదాన్ని వదిలేయకు. నిరీక్షణ, విమోచన, కనికరం అనే మాటలు మొదట కొరుకుడుపడవు గాని, ఒకసారి నోట్లో కూర్చున్నాక కష్టంలో వాటంతట అవే పైకి వస్తాయి. కళ్ళు మూతలుపడే రోజు ఫోనులో ఆడియో పెట్టుకో, మార్కు మొత్తం వినడానికి ఎక్కువసేపు పట్టదు. మార్కు అయ్యాక కీర్తనలు కొన్ని, తర్వాత లూకా, అపొస్తలుల కార్యాలు. లేవీయకాండం కూడా చదువుతావు ఒక రోజు. హెబ్రీ పత్రిక పక్కన పెట్టుకుని చదివితే ఆ బలులు, ఆ యాజకులు దేనికోసమో తెలుస్తుంది. ఇప్పుడే వద్దు.

ఇంకో మాట. డిసెంబరు 31 రాత్రి గుడిలో, కొత్త ఏడాదికి వాగ్దానంగా ఒక వచనం రాసిన కార్డు తీసుకుంటాం కదా. అందులో యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం చాలామందికి వస్తుంది. దేవుడు మన గురించి ఉద్దేశించినవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని. ఈ ఏడు పెళ్ళవుతుందని, ఉద్యోగం పర్మనెంటు అవుతుందని దాన్ని ఇంట్లో గోడకు అంటిస్తాం. నేనూ అంటించాను. అయితే ఆ మాట ఎవరికి రాశారో ముందునుంచి చదివితే కడుపులో కదులుతుంది. బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్ళకు రాసిన ఉత్తరం అది. 70 ఏళ్ళు పడుతుందని పై వచనంలోనే ఉంది. అంటే వింటున్నవాళ్ళలో చాలామంది తిరిగిరారు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోరి దానికోసం ప్రార్థన చేయండి అని 7వ వచనం. ఆ పట్టణం వాళ్ళది కాదు, వాళ్ళ దేవుణ్ణి ఎరిగినది కాదు. అయినా దాని క్షేమంలోనే మీ క్షేమం ఉందన్నాడు. కార్డు మీద ఒక్క వచనమే ఉంటుంది. రోజూ అధ్యాయం చదివేవాళ్ళకే ఇది దొరుకుతుంది.

నీ రూమ్మేటు ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉందనుకుంటాను. నువ్వున్నది తిరుపతి. రాత్రి మిద్దె ఎక్కితే కొండ మీద దీపాలు కనిపిస్తాయి, అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లు ఎక్కేవాళ్ళ గోవింద నామం వీధుల్లో వినబడుతుంది. వాళ్ళ నిష్ఠను చూసి గౌరవించు. ఆ అమ్మాయితో వాదన పెట్టుకోకు, ఆమె ఒక్కపొద్దును తక్కువ చేసి ఒక్క మాట మాట్లాడకు. శనివారం రాత్రి ఆమె పలారం చేసుకుంటుంటే కూరగాయలు తరిగివ్వు. మళ్ళీ అడిగిందా, ఉన్నది ఉన్నట్టు చెప్పు: మాకు దేవుని దయ నియమాలతో సంపాదించుకునేది కాదు, ఊరికే ఇచ్చాడు, ఆ దయలో నిలబడటానికి రోజూ చదువుకుంటాం, ప్రార్థిస్తాం, ఈ మధ్య నాకది తప్పిపోయింది, మళ్ళీ మొదలుపెట్టాను అని. అంత నిజాయితీగా చెప్పిన మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. అప్పజెప్పే ప్రార్థనలో ఆమె పేరు కూడా చెప్పు, తిరుపతి పేరు కూడా.

ఇక్కడ నువ్వు ఒంటరిదానివని కూడా అనుకోకు. హెర్మన్స్‌బర్గ్ నుంచి జర్మన్ లూథరన్ మిషనరీలు ఈ దక్షిణ తెలుగు ప్రాంతానికి వచ్చింది 1865లో. ఇట్లా తిరుపతిలో తరతరాలుగా ప్రార్థించిన కుటుంబాలున్నాయి.

చల్లారిపోవడం గురించి చెప్పాలి, నీ బాధంతా దాని మీదే ఉంది.

నేను మూడేళ్ళు టీబీ రోగులకు మందులిచ్చే చోట పనిచేశాను. కొత్తగా జబ్బు పడినవాళ్ళకు ఆరు నెలలు మందు. మొదటి రెండు నెలల్లోనే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, మొహంలో కళ వస్తుంది. ఇక బాగైపోయిందని మానేస్తారు. అక్కడే ప్రమాదం. మిగిలిన క్రిమి మళ్ళీ లేచిందంటే ఆ మందులకు లొంగకపోవచ్చు. అందుకే 1997 నుంచి దశలవారీగా దేశమంతా టీబీ పథకం మార్చి, మాత్రలు రోగి చేతికిచ్చి పంపకుండా ఎదుటే మింగించే పద్ధతి తెచ్చారు. ఇంకొందరు దీనికి తిరగేసి. వారమైంది, నాకేమీ తేడా తెలియలేదు, ఈ మందు పనిచేయదు అని మానేస్తారు. ఇద్దరూ చేసే తప్పు ఒకటే, ఒంట్లో ఎట్లా ఉందో దాన్ని బట్టి మందును కొలవడం. సభల్లో నీకు కలిగింది అబద్ధం కాదు. ఆ కన్నీళ్ళు నిజం. మొదటి నెల ఆకలి పుట్టినట్టు అది. తర్వాత ఏమీ తెలియని నెలలు వస్తాయి. ఆ నెలల్లోనూ మాత్ర పనిచేస్తూనే ఉంటుంది. ఒకటి మాత్రం మరిచిపోకు: మింగేది రోగి, నయం చేసేది మందు. నీ చదువు, నీ ప్రార్థన నిన్ను రక్షించవు. రక్షించేవాడు వాటిలో నీ దగ్గరికి వస్తాడు.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పేరు విన్నావు కదా. 1915లో చాలా మిషన్లు కలిసి అక్కడ టీబీ శానిటోరియం తెరిచాయి. అప్పటికి ఆ జబ్బుకు మందే కనిపెట్టలేదు. మంచి గాలి, విశ్రాంతి, వేళకు తిండి. రోజూ అదే. ఆ వేళల మీదే ప్రాణాలు నిలుపుకున్నవాళ్ళున్నారు.

ఎదుటే మింగించడం అన్నాను. నీకూ ఒక మనిషి కావాలి. వారానికొకసారి "ఈ వారం చదివావా?" అని అడిగే అక్క ఒకరు, నీ సంఘంలోనే, వయసులో పెద్ద, నోరు జాగ్రత్తగల మనిషి. చదవలేదంటే తిట్టేవాళ్ళు వద్దు, పర్లేదులే అనేవాళ్ళూ వద్దు. ప్రార్థన చేయడానికి డబ్బడిగేవాళ్ళ గడప తొక్కకు, ఎంత పేరున్నవాళ్ళైనా సరే. ఆదివారం షిఫ్టు పడితే ఆ వారం మధ్యలో జరిగే గృహ కూటానికి వెళ్ళు. యూట్యూబులో ఎంత మంచి వర్తమానం విన్నా, అది నీకు జ్వరమొస్తే గంజి కాచి తేదు. ప్రభువు బల్ల, ఆ రొట్టె, ద్రాక్షారసం కూడా ఫోనులో అందవు. పాడేటప్పుడు గొంతు విప్పి పాడు. గుడిలో పాడే మన తెలుగు కీర్తనల మీద రాగం, తాళం వేసి ఉంటాయి కదా, ఒకటి రెండు సరిగా నేర్చుకో. లైను మీద నిలబడి లోపల పాడుకోవడానికి పనికొస్తాయి.

ఉపవాసం గురించి ఎక్కువ చెప్పను. సి షిఫ్టు వారంలో చేయకు, యంత్రాల మధ్య కళ్ళు తిరిగితే ప్రమాదం. షుగరున్నవాళ్ళు, మందులు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా చేయకూడదు. సెలవు రోజు ఒక పూట మానెయ్, నీళ్ళు బాగా తాగు, ఆ పూట తిండి డబ్బు ఆకలితో ఉన్న ఒకరికి పెట్టు. యెషయా 58 చదివాక చెయ్యి, ముందు కాదు.

హాస్టల్లో నువ్వు చదివిన అధ్యాయం కంటే నీ మాటలే ముందు కనబడతాయి. మెస్సులో వండే అక్కను ఏమని పిలుస్తున్నావు, స్నానాల గది దగ్గర గొడవైతే ముందు క్షమించమని అడిగేది ఎవరు. వాక్యం విని చేయనివాడు అద్దంలో మొహం చూసుకుని మరిచిపోయినవాడి లాంటివాడని యాకోబు రాశాడు. చదివిన రోజున ఒక్క చిన్న పనైనా దానికోసం చెయ్యి.

ఇది చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెబుతాను.

2012లో మా ఆయనకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. ఏడాది పైన నడిచింది. అప్పటికి ఎన్నో ఏళ్ళుగా రోజూ అప్పజెప్పుతున్నదాన్ని. ఒకటో బెడ్ ఆయనదే అయింది. ఒకటో బెడ్ ప్రభువా, ఈ రోజు బీపీ పడిపోయింది. ఒకటో బెడ్, నీళ్ళు తాగుతానని పేచీ పెట్టాడు. రోజూ చెప్పాను, ఒక్క రోజు తప్పలేదు. ఆయన పోయాడు. మూడో రోజు బంధువులందరూ వెళ్ళాక, రాత్రి అలవాటుగా కళ్ళు మూసుకుని "ఒకటో బెడ్" అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. చాలా నెలలు రాలేదు. దేవుడు లేడనిపించలేదు గాని, ఉన్నా మాట్లాడాలనిపించలేదు. అప్పుడు నాకు మిగిలింది 88వ కీర్తన ఒక్కటే. మిగతా విలాప కీర్తనలు చాలావరకు చివరికి వచ్చేసరికి స్తుతిలోకి తిరుగుతాయి, ఇది తిరగదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అట్లాంటి కీర్తనను కూడా దేవుడు తన పుస్తకంలో ఉంచాడు, నాలాంటిదానికోసమే ఉంచాడనుకున్నాను. రోజూ అది చదివి పడుకునేదాన్ని. ఇంకేమీ లేదు. దాదాపు ఎనిమిది నెలలకు, ఒక సాయంత్రం సందులో పాలబండి అబ్బాయి జారి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే కట్టు కట్టి పంపాను. ఆ రాత్రి నాకు తెలియకుండానే "ఒకటో బెడ్ ప్రభువా, ఆ పిల్లవాడి చెయ్యి" అన్నాను. ఆ మంచం మళ్ళీ నిండింది. నేను మనసు గట్టి చేసుకుని మొదలుపెట్టింది కాదు. ఇన్నేళ్ళుగా నడిచి నడిచి దారి పడి ఉంది, కాళ్ళు వాటంతట అవే అటు వెళ్ళాయి.

నువ్వు ఈ వారం చేయాల్సింది రెండే: బస్సులో పది నిమిషాలు అప్పజెప్పడం, రోజుకు మార్కు ఒక అధ్యాయం చదివి నోటుబుక్కులో ఒక వాక్యం రాయడం. తప్పిన రోజును లెక్క రాయకు. 16 అధ్యాయాలు 16 రోజుల్లోనే అవ్వాలని లేదు, 30 పట్టినా ఫరవాలేదు. అయ్యాక ఆ నోటుబుక్కులోంచి నీకు అర్థం కాని వాక్యాలు నాకు రాసి పంపు. నాకు తెలిసినంత చెబుతాను, తెలియనివి మా పాస్టర్ గారిని అడుగుతాను.

నీ పేరు రాయలేదు నువ్వు. ఈ రాత్రి నా పుస్తకంలో ఆరో బెడ్ ఎదురుగా "రేణిగుంట, సి షిఫ్టు పాప, సరిగా నిద్ర లేదు" అని రాసుకున్నాను.